కండె నిండిన చోట ఆగిన పాట

"నాలుగు లైన్లు చాలు మామా" అంది మా మేనకోడలు. ఆదివారం పొద్దున, సూరత్ పక్కన ఉన్‌లోని మా ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని అడిగింది. ఆ పిల్ల ఐటీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారం కూడా ఆమె వేళ్లకు సెలవు ఉండదు. నేనూ వాళ్ల నాన్నా కలిసి పాడే పాటను స్టూడియోలో రికార్డు చేయించి, ఫోన్లలో అందరూ చూసేలా పెడతానని పట్టుబట్టి కూర్చుంది. "పాట కింద రాయాలె మామా. మీ జోడి మీద ఏ ఏ సంగీతాల ప్రభావం ఉందో చెప్పు. జర సీదాగ చెప్పు" అంది. నేను ఆరో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి. ప్రభావం అనే మాట ఏడో తరగతిలో వచ్చేదేమో, నా దాకా రాలేదు. అయినా గొంతు సవరించుకుని, "రాసుకో బిడ్డా. మా మొదటి గురువు నల్లటి మనిషి. రోజుకు రెండుసార్లు నూనె తాగుతుండె. నోరు తెరిస్తె మూసుడు లేదు. ఆయన పాడుతుంటె పక్కోడు పిడుగు పడ్డదన్నా వినవడదు" అన్నాను. ఆమె నిజంగానే టకటకా కొట్టేసి, "పేరు?" అంది. "సాంచె" అన్నాను. సాంచె అంటే మా వాళ్ల మాటలో కరెంటు మగ్గం. ఆమె ల్యాప్‌టాప్ మూత టప్పున వేసేసింది. "మామా, మజాక్ నహీ! బాపును అడిగితె పలుకడు, నిన్ను అడిగితె గిట్ల!"

ఆమె కోపంలో న్యాయముంది. వాళ్ల బాపు, అంటే మా బావ, మాకు మూడడుగుల దూరంలో గడప మీద కూర్చుని వీధి వైపు చూస్తూ చాయ్ తాగుతున్నాడు. మాటలేవీ ఆయన చెవిన పడలేదు, పడే చెవులూ కావు. కుడికాలు మాత్రం నేలను తడుతూనే ఉంది. ఆయన నా మేనత్త కొడుకు, మా అక్క మొగుడు, ముప్పై ఏళ్లుగా నా పాటలో సగం. సూరత్‌లో సాంచెల మీద బతికే తెలంగాణ ఇళ్లలో పెళ్లయినా, బతుకమ్మ అయినా బావబామ్మర్దుల జోడి రావాలనేవాళ్లు. నాది డోలక్. ఆయనవి నాడెలు. నాడె అంటే మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసుకుని పరుగెత్తే కర్ర తునక, రెండు కొసలకూ ఇనుప ములుకులుంటాయి. అరిగిపోయి పక్కన పడేసిన నాడెల్లో మంచి గొంతున్న రెండింటిని ఏరుకుని, ఒకదానితో ఒకటి కొట్టి తాళం వేసేవాడు. అలాంటి మనిషి ఆ ఆదివారానికి ఐదు నెలలుగా పాడలేదు. నాడెలు సంచిలో, మేకుకు వేలాడుతున్నాయి. నాతో మాటలు బందు పెట్టలేదు. "తిన్నవా బావా?" అంటే "తిన్న" అనేవాడు. పాట ఊసెత్తితే మాత్రం లేచి వెళ్లిపోయేవాడు. బిడ్డ మాట తీసేయలేక స్టూడియోకు వస్తానన్నాడు గానీ, వచ్చి నోరు తెరుస్తాడో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు అసలే కాలు ఒక్కచోట నిలవని జబ్బు. ఆ ఐదు నెలలు గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగానంటే, కుక్కలు కూడా నన్ను చూసి మొరగడం మానేశాయి.

ఆ రోజు నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు లైన్లు రాలేదు గానీ మనసులోకి మా అత్త వచ్చింది. అత్త అంటే బావ తల్లి. మా ఊళ్లో మా మామ చేతిమగ్గం నేసేవాడు, అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే నాడె కడుపులో పెట్టే పుల్ల, దాని మీద దారం చుట్టాలి. అత్త కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమ చేతి వేళ్ల మధ్య దారాన్ని జార్చుతూ పాడేది. గొంతు మరీ తీపి ఏమీ కాదు, కాస్త చింతకాయ పులుపు ఉండేది. ఆమె పాటకు ఒక వింత అలవాటుంది. కండె నిండగానే పాట ఆగిపోయేది. లైను మధ్యలో ఉన్నా సరే, రాముడు అడవిలో ఒక కాలు ఎత్తి ఉన్నా సరే. దారం తెంపి, నిండిన కండెను గంపలో వేసి, కొత్త పుల్ల ఎక్కించి, కొస దొరికేదాకా మాట లేదు. తర్వాత, ఎక్కడ ఆపిందో మరిచిపోకుండా, ఆఖరి మాటను పట్టుకుని మళ్లీ అందుకునేది. "దారమోలె సాగినమే, దారి పొడుగూ..." అని ఆగేది. గంపలో కండె పడ్డ చప్పుడు. "దారి పొడుగు ఎవ్వరున్నరే, దుమ్ము తప్పా..." ఆమె ముందు కూర్చుని పెరిగిన నేనూ బావా లోకంలో పాటలన్నీ ఇలాగే ఉంటాయనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత, ఒక పెళ్లిలో కండువా కప్పుకున్న పెద్దమనిషి మా పాట విని, "అబ్బ, ఏం విరుపు! ఆ విరుపు ఏ గురువు నేర్పిండయ్యా?" అని అడిగితే, కండె నిండిందని చెప్పలేక ఇద్దరం తలలు వంచుకుని నిలబడ్డాం. ఆయన అది వినయం అనుకున్నాడు.

తర్వాత సూరత్. ముందు బావ వచ్చాడు, ఆయన వెనక నేను, నా వెనక నా ట్రంకు పెట్టె. ఇద్దరికీ ఒకే కార్ఖానాలో పని దొరికింది, పక్కపక్క వరసల్లో. కార్ఖానాలోకి మొదటిసారి అడుగుపెట్టిన రోజు ఆ చప్పుడుకు నేను రెండు చేతులతో తల పట్టుకున్నాను, ఎక్కడైనా ఊడిపోతుందేమోనని. నెల తిరిగేసరికి తల నిలబడింది, చెవులు మాత్రం మెత్తబడ్డాయి. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు. మాట్లాడతారు గానీ చప్పుడు చేయరు. పెదవులు కదుపుతారు, అవతలివాడు చదువుకుంటాడు. తెగిన దారం సంగతైనా, చాయ్ సంగతైనా, సేఠ్ వస్తున్నాడన్న సంగతైనా అంతే. బడిలో చదువు అబ్బని నేను అక్కడ మూతులు చదవడంలో పట్టా పుచ్చుకున్నాను. కార్ఖానా ఆ చివర నిలబడి ఒకడు నన్ను తిడితే, ఏ అక్షరంతో మొదలుపెట్టాడో కూడా చెప్పగలను. బావ నాకన్నా గట్టివాడు. బీడీ నోట్లో పెట్టుకుని తిట్టినా చదివేస్తాడు.

మా పాటలు పుట్టింది ఆ వరసల్లోనే. ఎవరి సాంచెల చుట్టూ వాళ్లం తిరుగుతూ, సందు చివర ఎదురుపడేవాళ్లం. ఎదురుపడినప్పుడు బావ పెదవులతో ఒక లైను ఇచ్చేవాడు. నేను నా సాంచెలన్నీ చూసుకుని మళ్లీ ఆ చివరకు వచ్చేలోపు దానికి జవాబు కట్టాలి. కట్టలేకపోతే ఆ రోజు చాయ్ నాది. అందుకే మా పాటలన్నీ ఒకడు అడిగితే ఒకడు చెప్పినట్టుంటాయి. కాకపోతే పెదవుల మీద మాట కనబడుతుంది గానీ రాగం కనబడదు కదా. ఆయన మాటను ఆయన మనసులో వాళ్లమ్మ రాగంలో పాడుకునేవాడు, అదే మాటను నేను నా మనసులో నాకు తోచిన రాగంలో. పొద్దంతా ఒకే పాట కడుతున్నామని ఇద్దరం సంబరపడేవాళ్లం. సాయంత్రం బయటికి వచ్చి గొంతెత్తితే రెండు పాటలు! "గదేం రాగంరా, బర్రెను తోలినట్టు?" అనేవాడు. "నీది మాత్రం బర్రె తోలినంక ఏడ్సినట్టుంది" అనేవాణ్ణి. మా అక్క అన్నం గిన్నె పట్టుకుని మధ్యలో నిలబడి, "ముందు లైను ఆయనది, వెనుక లైను నీది. తినుండ్రి" అని తీర్పు చెప్పేది. అలా సగం ఆయన రాగం, సగం నా రాగం అతికించి పాడాం. అదే మా ఇద్దరి బాణీ అని జనం మెచ్చుకున్నారు.

నా సగం ఎక్కడిదంటే, చెప్పడానికి కొంచెం సిగ్గే. మా గల్లీ మొదట్లో ఒక పాన్ డబ్బా ఉండేది. దాని పైన చిలుం పట్టిన స్పీకరు ఒకటి, పొద్దున్నుంచి హిందీ పాటలే. వాటిలో ఒక్క పాట కూడా నేను పూర్తిగా వినలేదు. పనికి పోతూ ముందు సగం, వస్తూ ఇంకో పాట వెనుక సగం. వాటిని కుట్టుకుంటే నా రాగాలు. నవరాత్రి వస్తే మైదానం ఒకటే, పండుగలు రెండు. ఒక పక్క మా ఆడవాళ్ల బతుకమ్మ, ఇంకో పక్క గుజరాతీవాళ్ల గర్బా. రెండూ గుండ్రంగా తిరిగేవే, రెండూ చప్పట్లవే. వాళ్ల చప్పట్లు హుషారు, మావి నిదానం. పక్కపక్కనే ఏళ్ల తరబడి తిరిగేసరికి మా చప్పట్లకు కాస్త కాళ్లొచ్చాయి, వాళ్లవి మా దగ్గరికి వచ్చినప్పుడు కాస్త ఊపిరి పీల్చుకునేవి. ఒక ఏడాది గర్బా ఆడే ఒక పెద్దావిడ తిరుగుతూ తిరుగుతూ మా వరసలోకి వచ్చేసి, మూడు చుట్లు అయ్యాక గానీ గుర్తుపట్టలేదు. మా అక్క ఆమెకు బతుకమ్మకు పెట్టిన సద్దుల ముద్ద చేతిలో పెట్టి గానీ వదలలేదు.

ఇంత రాసినా అసలుది చెప్పలేదు. మా పాట పరుగు సాంచెది. ఆ పరుగును మేం చెవులతో పట్టలేదు, అరికాళ్లతో పట్టాం. కార్ఖానా నేల మొత్తం ఒక్క తాళంలో అదురుతూ ఉంటుంది. చెప్పులు విడిచి నిలబడితే మోకాలిదాకా ఎక్కుతుంది. వారానికో రోజు కరెంటు బంద్ ఉండేది. ఆ రోజు మా గల్లీలో నిమ్మళంగా ఉండాలి కదా, లేదు. చప్పుడు ఆగగానే ఉయ్యాలల్లో పిల్లలు లేచి ఏడ్చేవాళ్లు, ముసలివాళ్లు మంచం మీద అటూ ఇటూ దొర్లేవాళ్లు, మొగుడూ పెళ్లాలు ఉప్పు గురించి కొట్లాడుకునేవాళ్లు. కరెంటు వచ్చి సాంచెలు అందుకున్నాక గల్లీ మొత్తం ఒక్కసారి నిట్టూర్చి సర్దుకునేది. నేనూ బావా ఆ రోజుల్లో ఎన్నడూ పాట కట్టలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. తెలివి ఉన్నవాడైతే ఆలోచించేవాడు.

రెండేళ్ల కింద మా సేఠ్ సూరత్ అవతల కిమ్‌లో కొత్త షెడ్డు వేసి, నాడె లేని కొత్త మిషన్లు పెట్టాడు. వాటిలో దారాన్ని నీళ్లే తోసుకుపోతాయి. నన్ను అక్కడికి పంపాడు. బావ పాత కార్ఖానాలోనే ఉండిపోయాడు. వరసలు విడిపోయాయి. ఆయన చెవులకూ ఆ రోజుల్లోనే వినికిడి బాగా తగ్గింది. మేనకోడలు డాక్టరుకు చూపించి చెవికి మిషన్ కొనిచ్చింది. "మిషన్ల సప్పుడుకు పోయిన చెవికి ఇంకో మిషనా?" అని నవ్వి, దాన్ని బీరువాలో పట్టుచీర మడతల్లో దాచాడు. పాటకు దానితో ఆయనకు పని పడలేదు. నా మూతి చూస్తూ, నాడెలు కొడుతూ, ఎప్పటిలాగే పాడేవాడు. బార్డోలీ పెళ్లిదాకా.

బార్డోలీలో మా చుట్టాలింటి పెళ్లి. బల్లలు వేసి కట్టిన స్టేజీ, వెనకే పెద్ద జనరేటరు. పిల్లను సాగనంపే వేళ మా అప్పగింతల పాట ఉండాలని ముందే చెప్పారు. అది మా పాటలన్నిటిలో నిదానమైనది, అత్త రాగం ఎక్కువ, నాది తక్కువ. పెళ్లికూతురి తల్లి కొంగు చేతిలో సిద్ధంగా పట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. బావ చెప్పులు విడిచి, స్టేజీ మీద నిలబడి, నాడెలు ఎత్తి అందుకున్నాడు. అప్పగింతల పాట పరుగు అందుకుంది! నిదానంగా ఏడవాల్సిన పాట బస్సు దొరకదన్నట్టు ఉరుకుతోంది. నేను డోలక్ మీద వెనక్కి లాగుతాను, ఆయన ఇంకా ముందుకు లాగుతాడు. ముందు వరసలో తల్లి ఒక కన్ను తుడుచుకోబోయి చప్పట్లు కొట్టింది. "ఏందే, పిల్లను పంపుతున్నరా, తరుముతున్నరా?" అని ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది. జోకులు వేయడం నా పని. నన్ను చూసి నవ్వితే మాత్రం నాకు పడదు. పక్కన కీబోర్డు వాయించే ఆయన వైపు తిరిగి, నోట్లో నోట్లో, "చెవులు పోయినయ్. ఇగ ఈ మనిషితోని అయ్యేది లేదు. వచ్చేసారి ఒక్కణ్నే వస్త" అని గొణిగాను. బావ ఆ లైను పూర్తిచేసి, ఆఖరి మాట దగ్గర ఆగాడు. మళ్లీ అందుకోలేదు. నాడెలు సంచిలో వేసుకుని స్టేజీ దిగాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, ముందుకు పోయి కిటికీ దగ్గర కూర్చున్నాడు. పాట చెడిందని సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

స్టూడియో రోజు వచ్చింది. సిటీలో ఒక మేడ మీది గది, గోడలకు పరుపులు అతికించారు, నేల మీద మందపాటి తివాచీ. తలుపు వేయగానే చప్పుడు అనేది చచ్చిపోయింది. నేను మింగిన గుటక నాకే వినబడింది. బావ తలకు, నా తలకు చెవుల డిప్పలు తగిలించారు. అద్దం అవతల నుంచి రికార్డు చేసే గుజరాతీ ఆయన, "కాకా, ఆరామ్ సే. టక్ టక్ వస్తది, దాని పట్టుకుని గావో" అని వచ్చీరాని తెలుగులో చెబుతూ నాకు సైగ చేశాడు. బావ పాడలేదు. నాడెలు ఒళ్లో పెట్టుకుని, చేతులు వాటి మీద పెట్టుకుని, నా మూతి వంక చూస్తూ కూర్చున్నాడు. పోనీ, నేనొక్కణ్నే మొదలుపెడదాం, ఆయనే అందుకుంటాడని గొంతెత్తాను. ముప్పై ఏళ్ల పాట, నాలుగు మాటలు నిలబడలేదు. డోలక్ ఒక దారి, గొంతు ఒక దారి. టక్ టక్ మూడో దారి. "ఫిర్ సే" అన్నాడాయన. ఫిర్ సే. ఫిర్ సే. ఎనిమిదోసారికి చెమటతో చొక్కా వీపుకు అతుక్కుంది. నా కాళ్లు తివాచీ మీద దేన్నో వెతుక్కుంటున్నాయి. మేనకోడలు అద్దం అవతల గోళ్లు కొరుక్కుంటోంది. చెవులు బాగున్నవాణ్ణి నేనే కదా!

ఇంటికి బస్సెక్కలేకపోయాను. వాళ్లను పంపించి, కాళ్లు ఎటు తీసుకుపోతే అటు నడిచాను. నడిచి నడిచి సాంచెల కార్ఖానాలున్న వీధిలో పడ్డాను. ఒక షెడ్డు పక్కన చెప్పు తెగింది. వంగి దాన్ని చేత్తో పట్టుకుని ఒట్టికాలు నేల మీద ఆనించాను. అరికాలి కింద నేల అదురుతోంది. పాట నా ప్రమేయం లేకుండా నోట్లోకి వచ్చింది, తప్పు లేకుండా, మొదటి నుంచి చివరిదాకా. రోడ్డు మీద తెగిన చెప్పు పట్టుకుని పాడుతున్నవాణ్ణి చూసి ఆటోవాడు కూడా బేరం అడగలేదు. అప్పుడు బార్డోలీ స్టేజీ కళ్ల ముందుకొచ్చింది. ఆ బల్లలు. వాటిని ఆనుకుని జనరేటరు. బావ చెప్పులు విడిచి నిలబడ్డాడు. కార్ఖానాలో నేల తాళం పట్టుకున్న మనిషి, అక్కడా నేల ఏది చెబితే అది పట్టుకున్నాడు. ఆ జనరేటరు తొందరలో ఉంది. అంతే.

ఒంటి చెప్పుతో ఇంటికి పరుగెత్తి, వాకిట్లో మెంతికూర తుంచుతున్న అక్కకు ఆయాసపడుతూ చెప్పాను. నేనేదో కొత్తలోకం కనిపెట్టానన్నట్టు చూస్తుందనుకున్నాను. ఆమె కూర తుంచుతూనే ఉంది.

"గది ఆయనకు ఆ రోజే ఎరుక" అంది. "ఇంటికొచ్చి చెప్పిండు. జనరేటరు నన్ను ఉరికిచ్చింది, నా తప్పే, చూస్కోలె అన్నడు."

"మరి ఐదు నెలల సంది ఎందుకు పాడుతలేడే?"

"ఒక్కణ్నే వస్త అన్నవట గద."

"నేను గట్టిగ అన్లే అక్కా. నోట్లె అనుకున్న."

"నోట్లెనే అన్నవ్" అంది అక్క. "సాంచెల నడుమ ముప్పై ఏండ్లు నీ నోరు సదివినోని ముందర."

సూరత్‌లో ఇంకెవరైనా ఆ తప్పు చేస్తారా? వినబడదు కదా అని గొణిగాను. వినకుండానే మాటలు పట్టే మనిషి పక్కన నిలబడి.

మర్నాడు కిమ్ పోలేదు. పాత కార్ఖానాకు పోయాను. దీపావళి తర్వాత అక్కడి సాంచెలన్నీ భంగారుకు, అంటే పాత ఇనుప సామానుకు, పోతాయని, ఆ జాగాలో దుకాణాలు కడతారని అప్పటికే అందరికీ తెలుసు. అయినా అవి ఆ సంగతి తమకెవరూ చెప్పనట్టే ఆడుతున్నాయి. బావ వరసలో తిరుగుతున్నాడు. నేను సందు చివర, ఒకప్పుడు నిలబడే చోటే నిలబడ్డాను. ఆయన వచ్చాడు. నేను పెదవులు కదిపాను. తప్పైంది బావా.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. పెదవులతోనే, వినవస్తలేదు, అని వెళ్లిపోయాడు.

ఆ చప్పుడులో, ముప్పై ఏళ్లలో ఎవడికీ ఏదీ వినబడని చోట, చెవి వెనక చెయ్యి! ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చాడు. తప్పైంది బావా, అన్నాను, ఈసారి ఒక్కో అక్షరం విడదీసి. జర పెద్దగ చెప్పు, అన్నాయి ఆయన పెదవులు. నేను గొంతు చించుకుని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. పక్క వరసలో పనిచేసే ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మూడో చుట్టు. ఆయన నా దగ్గరికి వచ్చి, ముఖంలో ముఖం పెట్టి పరీక్షగా చూసి, మీసం అడ్డమొస్తుంది, తీసెయ్, అక్షరాలు కనవడ్తలేవు, అన్నాడు. నేను నవ్వాను. నవ్వుతుంటే ముక్కు కారింది, కళ్లూ కారాయి. కార్ఖానాలో దూది దుమ్ము ఎక్కువ, ఎవరు ఏమనుకున్నా దాని మీద తోసేయవచ్చు.

నాలుగో చుట్టులో ఆయన ఎడమ చెయ్యి సాంచె చట్రం మీద ఆనించి నిలబడ్డాడు. కుడికాలు నేల మీద. పెదవులు కదిలాయి. ఒక్కణ్నే వస్తనంటివి, ఒడ్డు దాటి పోతనంటివి, ఓ బామ్మర్దీ... అక్కడ ఆపి, వెనక్కి తిరిగి, వరసలోకి వెళ్లిపోయాడు. నా మాట నాకే లైను చేసి ఇచ్చాడు. ఐదు నెలలు దాన్ని లోపల చుట్టుకుంటూ కూర్చున్నాడన్నమాట. నాకు ఉన్న సమయం ఆయన ఒక చుట్టు తిరిగి వచ్చేటంత. మొదటిసారి కట్టలేకపోయాను. చాయ్ నీది, అని వేలు చూపించి పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆయన విడిచిన మాటనే పట్టుకున్నాను. ఓ బామ్మర్ది ఒక్కడు వస్తే, ఒక్క నాడె తీసుకువస్తే, తాళమేదీ బావా...

ఆయన తల ఊపలేదు, మెచ్చుకోలేదు. రాగం ఎవరిది, అని మాత్రం అడిగాడు. ముందు లైను నీది, వెనుక లైను నాది, అన్నాను.

దీపావళికి ఇంకా మూడు వారాలున్నాయనగా ఒక మధ్యాహ్నం మేనకోడలు కార్ఖానాకే వచ్చి ఫోన్లో రికార్డు చేసింది. బావ సంచిలోంచి నాడెలు తీశాడు. నేను డోలక్ మెడకు తగిలించుకున్నాను. ఇద్దరం చెప్పులు విడిచి, సందు చివర ఎదురెదురుగా నిలబడి, అప్పగింతల పాటా కొత్త పాటా పాడాం. ఎక్కడా తప్పలేదు. ఇంటికి వచ్చి ఆ పిల్ల ఫోన్ను మూత బోర్లించిన బియ్యం డబ్బా మీద పెట్టి వినిపించింది. ఖట్‌ఖటా ఖట్‌ఖటా, అంతే. ఎక్కడో అడుగున దోమంత మా గొంతులు. "మామా, మొత్తం సాంచెల సప్పుడే. గిందుల మీరేరి?" అని ఏడుపు ముఖం పెట్టింది. "చెప్తిని గద బిడ్డా, ఆయన పాడుతుంటె పక్కోడు వినవడడని" అన్నాను. బావకు మా మాటలు అందలేదు. ఆయన లేచి వచ్చి, డబ్బా రేకు మీద, ఫోన్ పక్కన అరచెయ్యి ఆనించాడు. రేకు సన్నగా అదురుతోంది. కళ్లు మూసుకుని పాట చివరిదాకా చెయ్యి తీయలేదు. తర్వాత బిడ్డ వైపు చూసి, "ఉన్నం బిడ్డా. ఇద్దరం మంచిగనే ఉన్నం" అన్నాడు. ఆమె దాన్ని అలాగే పెట్టింది. కింద నాలుగు లైన్లు లేవు. చూసినవాళ్లు ఏమనుకున్నారో నేను అడగలేదు.

మొన్న సాంచెలను లారీలకెక్కించారు. మేమిద్దరం ఎదురుగా నిలబడి చూశాం. ఆఖరి లారీ మలుపు తిరిగేదాకా బావ కుడికాలు ఆడుతూనే ఉంది. ఇప్పుడు పాడాలంటే మాకు అదిరే నేల లేదు, అందుకని నేను డోలక్ ఒక కొసను ఆయన మోకాలికి ఆనించి వాయిస్తున్నాను. వచ్చే నెల ఒక పెళ్లి ఒప్పుకున్నాం. జనరేటరు దూరంగా పెట్టాలని పిల్ల తండ్రితో ముందే మాట తీసుకున్నాను. నాలుగు లైన్లు ఇంకా బాకీనే. ఇంత రాశాక వాటిని ఇందులోంచి ఏరుకోవడం నా మేనకోడలి పని. మా అత్త ఏ పాటనూ చివరిదాకా పాడగా నేను వినలేదు. ఆమె ఎన్ని కండెలు నింపిందో, అన్నిసార్లు ఆగింది, అన్నిసార్లు ఆఖరి మాట పట్టుకుని మొదలుపెట్టింది. ఇప్పుడు మా కండె ఒకటి నిండింది. ఆఖరి మాట ఏదో ఇద్దరికీ గుర్తుంది, బావ కాలు అప్పుడే నేలను తడుతోంది.